కాన్యులా (నరంలోకి పెట్టే సన్నని గొట్టం) పెట్టేముందు స్పిరిట్ ఆరేదాకా ఆగాలా? వార్డులో చేసేవాళ్లు చెప్పండి

కొత్త సిస్టర్, పల్నాడు జిల్లా:

అందరికీ నమస్కారం. జీఎన్‌ఎమ్ నర్సింగ్ కోర్సు అయిపోయి 8 నెలలైంది, మా ఊరికి దగ్గర్లోనే 20 పడకల నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్స్‌గా చేస్తున్నాను. ఒక విషయం మనసులో పెట్టుకుని నిద్ర పట్టట్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

పోయిన వారం నైట్ డ్యూటీలో విరేచనాలతో ఒక పెద్దాయన వచ్చారు. అప్పటికే ఇద్దరికి సెలైన్ పెట్టి పరుగుల మీద ఉన్నాను. డబ్బాలోంచి స్పిరిట్ దూది తీసి చేతి మీద ఒక్కసారి రుద్ది వెంటనే కాన్యులా పెట్టేశాను. మొదటిసారి నరం దొరక్కపోతే అదే చోట మళ్లీ వేలితో నొక్కి చూసి రెండోసారి పెట్టాను. మూడో రోజుకి అక్కడ ఎర్రగా వాచింది, మణికట్టు పైనుంచి నరం తాడులా గట్టిపడింది. వాళ్ల అమ్మాయి నన్నే పిలిచి "సిస్టర్, నీళ్లు ఎక్కించిన చెయ్యి ఇలా అయిందేంటి" అని అడిగింది. పెట్టింది నేనేనని ఆమెకు తెలియదు. కాన్యులా తీసేసి డాక్టర్‌గారికి చెప్పాను, మందులు రాశారు, తగ్గుతోంది. కానీ నాకే బాగా లేదు.

కాలేజీలో స్పిరిట్ రుద్దాక ఆరనివ్వాలని చెప్పారు. ఇక్కడ సీనియర్లను అడిగితే "అలా ఆరేదాకా నిలబడితే వార్డు ఎవరు చూస్తారమ్మా" అంటారు. మా దగ్గర మూత ఉన్న స్టీల్ డబ్బాలో పొద్దున్నే దూది ఉండలు వేసి స్పిరిట్ పోస్తారు, రాత్రి దాకా అందరం అందులోనే చేతులు పెట్టి తీసుకుంటాం. సాయంత్రానికి వాసన కూడా రాదు. పెద్ద బెటాడిన్ (పోవిడోన్ అయోడిన్) సీసాలోంచి చిన్న సీసాలో పోసుకుంటాం, అయిపోయే లోపలే మళ్లీ పైన నింపుతాం, ఆ చిన్న సీసాను ఎప్పుడు కడిగారో ఎవరికీ తెలియదు. చాలాసార్లు వాడే మందు సీసా, అదే మల్టీడోస్ వయల్‌కి సూది అలాగే గుచ్చి ఉంచి, వచ్చినవాళ్లు వచ్చినట్టు సిరంజి తగిలించి లాగుతారు.

వీటిలో ఏది నిజంగా ప్రమాదం, ఏది పట్టించుకోనక్కర్లేదు? స్పిరిట్ మంచిదా, బెటాడిన్ మంచిదా, క్లోర్‌హెక్సిడిన్ అంటున్నారు అదా? నేను జూనియర్‌ని, గొడవ పెట్టుకోలేను. కానీ నా చేతుల్లో ఉన్నంత వరకైనా సరిగ్గా చేయాలని ఉంది.

ఐసీయూ సిస్టర్, హైదరాబాద్, 17 ఏళ్ల సర్వీసు:

చెల్లీ, ముందు ఒక మాట. నరం వాచిందంటే తప్పంతా స్పిరిట్‌దే అనుకోవద్దు. చర్మం మీది క్రిములు లోపలికి వెళ్లి వాచొచ్చు, మందు ఘాటుకి నరం మండి వాచొచ్చు, పొటాషియం లాంటివి వెళ్లినప్పుడు చూసే ఉంటావు, లేదంటే కాన్యులా కీలు దగ్గర ఉండి చెయ్యి కదిలినప్పుడల్లా లోపల రాసుకుని వాచొచ్చు. ఆ పెద్దాయనకి ఏది కారణమో ఇప్పుడు చెప్పలేం. కానీ నువ్వు రాసిన దాంట్లో నాకు అన్నిటికంటే భయం వేసింది ఆరనివ్వకపోవడం కాదు, తుడిచాక మళ్లీ వేలితో నొక్కి అక్కడే గుచ్చడం. అక్కడితో నువ్వు తుడిచింది వృథా అయిపోయింది. నరం ఎక్కడుందో ముందే వెతుక్కోవాలి, తర్వాత తుడవాలి, తర్వాత ఆ చోటు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మళ్లీ తుడవాలి. గ్లౌజు వేలి కొన చింపేసి నరం తడిమేవాళ్లని మా దగ్గరా చూశాను, వాళ్లు గ్లౌజు వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే.

ఇక ఆరనివ్వడం గురించి. ఆగాలి, అందులో సందేహం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇంజక్షన్ల మీద ఇచ్చిన సూచనల్లో 30 సెకన్లు రుద్ది పూర్తిగా ఆరనివ్వమనే ఉంది. ఆరడానికి ఇంకో అర నిమిషం అనుకో. స్పిరిట్ తగలగానే క్రిములు చావవు, తడి ఉన్నంతసేపు చంపుతూ ఉంటుంది, ఆరేసరికి దాని పని అయిపోతుంది. తడి మీద గుచ్చితే పని సగంలో ఆపినట్టే, పైగా ఆ స్పిరిట్ సూదితోపాటు లోపలికి వెళ్లి చుర్రున మండుతుంది. "సిస్టర్ మెల్లగా" అని పేషెంట్ చెయ్యి లాక్కునేది చాలాసార్లు అందుకే.

ఆ అర నిమిషం ఊరికే నిలబడక్కర్లేదు. నేనెలా చేస్తానంటే, ముందు శానిటైజర్‌తో చేతులు రుద్దుకుంటా, టోర్నికే (చేతికి బిగించే పట్టీ) కట్టి నరం చూసుకుని వదులు చేస్తా. అప్పుడు స్పిరిట్ స్వాబ్‌తో గట్టిగా రుద్దుతా. అది ఆరేలోపు మళ్లీ చేతులు రుద్దుకుని గ్లౌజులు వేసుకుంటా, కాన్యులా ప్యాకెట్ విప్పుతా, ప్లాస్టర్ ముక్కలు చింపి ట్రే అంచుకి అంటించుకుంటా, ఈలోపు పేషెంట్‌తో రెండు మాటలు మాట్లాడతా. అన్నీ అయ్యేసరికి ఆరిపోయే ఉంటుంది. మీ సీనియర్లకి "ఆగుతున్నా" అని చెప్పకు, వరస మార్చుకో చాలు. నిన్ను చూసి ఎవరూ ఏమీ అనరు.

ఆ దూది డబ్బా మాత్రం తీసేయించాలి. తడి దూదిని ఇలా అందరూ చేతులు పెట్టే డబ్బాలో నిలవ ఉంచవద్దని అదే సూచనల్లో స్పష్టంగా ఉంది. పొద్దున పోసిన స్పిరిట్ మూత తీసినప్పుడల్లా ఆవిరైపోతుంది, సాయంత్రం వాసన రావట్లేదని నువ్వే రాశావు, అంటే అప్పటికి అందులో ఉన్నది నీళ్లూ, అందరి చేతుల మురికీ. విడివిడిగా ప్యాక్ చేసిన స్వాబ్‌లు బాక్సుల లెక్కన కొంటే ఒక్కోటి రూపాయి అటూ ఇటూ పడుతుంది. అది కూడా కుదరదంటే పొడి దూది, స్పిరిట్ సీసా విడిగా పెట్టుకుని అప్పటికప్పుడు తడుపుకోండి.

వయల్‌కి సూది గుచ్చి ఉంచడం చాలా పెద్ద తప్పు, స్పిరిట్ కంటే ముందు దీని గురించి మాట్లాడు. గాలీ క్రిములూ నేరుగా లోపలికి వెళ్లడానికి దారి తెరిచి పెట్టినట్టే. ఎవరైనా వాడిన సిరంజినే మళ్లీ తగిలించారా, ఒకరి రక్తం ఇంకొకరికి చేరే దారి కూడా అదే. ప్రతిసారీ రబ్బరు మూత తుడిచి, కొత్త సూది, కొత్త సిరంజి. తెరిచిన తేదీ వయల్ మీద రాయాలి. కంపెనీ వేరే గడువు చెప్పకపోతే 28 రోజులకి మించి ఉంచకూడదు.

ఇంకొకటి, కాన్యులా పెట్టాక సగం మంది మర్చిపోయేది. మందు వేసే ప్రతిసారీ కాన్యులాకి సిరంజి తగిలించే పోర్ట్‌ని స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు రుద్ది ఆరనిచ్చి అప్పుడు సిరంజి పెట్టాలి. క్యాప్ తీసి దుప్పటి మీద పెట్టడం, పళ్లతో పట్టుకోవడం, ఇవి కళ్లారా చూసినవే చెబుతున్నా. తెల్ల ప్లాస్టర్ నిండా చుట్టేయకుండా గుచ్చిన చోటు కనిపించేలా పారదర్శక డ్రెస్సింగ్ వేస్తే ఎర్రబడిన రోజే తెలుస్తుంది, మూడో రోజు దాకా ఆగక్కర్లేదు.

మైక్రోబయాలజీ ల్యాబ్, విజయవాడ:

సిస్టర్‌గారు చెప్పినదానికి ల్యాబ్ వైపు నుంచి ఒకటి కలుపుతా, ఎందుకంటే వార్డులో ఆగని ఆ అర నిమిషం మా టేబుల్ దగ్గర కనిపిస్తుంది.

జ్వరం పేషెంట్‌కి బ్లడ్ కల్చర్ పంపుతారు, అంటే రక్తంలో క్రిములున్నాయేమో సీసాలో పెంచి చూసే పరీక్ష. రెండు సీసాల్లో ఒకదాంట్లో మాత్రమే మామూలుగా చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ రకం పెరుగుతుంది. అది రక్తంలోదా, చర్మం సరిగ్గా తుడవక సూదితో వచ్చిందా? చాలాసార్లు రెండోదే. కానీ రిపోర్టులో "గ్రోత్" అన్న మాట కనిపించగానే అక్కడ వాంకోమైసిన్ అనే బలమైన యాంటీబయాటిక్ మొదలైపోతుంది. అక్కర్లేని మందు, కిడ్నీ మీద భారం, రెండు మూడు రోజులు ఎక్కువ ఆసుపత్రి, ఇంటివాళ్ల జేబుకి చిల్లు. ఇలాంటి తప్పుడు పాజిటివ్‌లు వందలో 3 దాటకూడదని ఒక లెక్క. దాన్ని చేరడానికి ఖరీదైన మెషిన్ ఏమీ అక్కర్లేదు, చర్మం తుడిచి ఆరనివ్వడం, సీసా రబ్బరు మూతని కూడా స్పిరిట్‌తో తుడవడం. పైన ప్లాస్టిక్ మూత ఉంది కదా, లోపల శుభ్రంగానే ఉంటుంది అనుకుంటారు. ఉండదు.

రెండో సంగతి మీ చిన్న బెటాడిన్ సీసా. యాంటీసెప్టిక్‌లో క్రిములు ఎలా బతుకుతాయని అందరూ అడుగుతారు. బతుకుతాయి. బర్ఖోల్డేరియా సెపేషియా అనే బ్యాక్టీరియా పోవిడోన్ అయోడిన్‌లోనూ, పల్చగా కలిపిన క్లోర్‌హెక్సిడిన్ లోనూ దొరికిన సందర్భాలు 1980ల నుంచీ నమోదై ఉన్నాయి. నీళ్లు కలిపి రోజుల తరబడి ఉంచిన సావ్లాన్ యాంటీసెప్టిక్ బేసిన్‌లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా హాయిగా ఉంటుంది. పాతదాని మీద కొత్తది పోస్తే అడుగున ఉన్నది ఎప్పటికీ పోదు. చిన్న సీసాలే కొనండి, తెరిచిన తేదీ రాయండి, అయిపోతే పారేయండి.

ఇంకో మాట, చేతులకి రుద్దుకునే ఆల్కహాల్ ద్రావణం అన్నిటికీ సరిపోదు. విరేచనాలు తెప్పించే క్లాస్ట్రిడియం డిఫిసిల్ లాంటి బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకు ఉన్న రూపం) ఆల్కహాల్‌కి చావవు. యాంటీబయాటిక్స్ వాడాక విరేచనాలు పట్టుకున్న పేషెంట్‌ని ముట్టుకుంటే సబ్బు, నీళ్లే. 40 నుంచి 60 సెకన్లు.

కొత్త సిస్టర్, పల్నాడు జిల్లా:

అక్కా, సార్, చాలా థాంక్స్. వరస మార్చుకోమన్నది నాకు తట్టనే లేదు, ఇవాళ్టి నుంచే అలా చేస్తాను. ఒక సందేహం, స్పిరిట్ ఎంత ఘాటుగా ఉంటే అంత మంచిదని మా ఫార్మసీ అన్న అంటున్నాడు, 99 శాతంది తెప్పిస్తానన్నాడు. తెప్పించమనాలా?

మత్తు డాక్టర్, కర్నూలు:

వద్దమ్మా. స్పిరిట్ అంటే ఆల్కహాలే. అది క్రిముల్లోని ప్రొటీన్‌ని విరగ్గొట్టాలంటే కొంచెం నీరు ఉండాలి. అచ్చమైన ఆల్కహాల్ పనితనం తక్కువ, పైగా ఇట్టే ఆవిరైపోతుంది, తడి నిలవదు. చర్మానికి 70 శాతం చక్కగా సరిపోతుంది. సీసా మీద శాతం రాసి లేకపోతే ఆ సీసా కొనొద్దని చెప్పండి.

మీ అసలు ప్రశ్న, ఏది మంచిది అన్నదానికి వస్తాను. చేతి నరానికి మామూలు కాన్యులా అయితే 70 శాతం ఆల్కహాల్ చాలు. మెడలోనో తొడలోనో పెద్ద నరంలోకి పెట్టే సెంట్రల్ లైన్‌కి మాత్రం ఆల్కహాల్‌లో కలిపిన క్లోర్‌హెక్సిడిన్ వాడాలి, ఎందుకంటే ఆల్కహాల్ వెంటనే చంపి ఆవిరైపోతే క్లోర్‌హెక్సిడిన్ చర్మం మీద ఉండిపోయి గంటల తరబడి పనిచేస్తుంది. బెటాడిన్ మంచి మందే, కానీ దానికి తొందర ఉండకూడదు, కనీసం 2 నిమిషాలు ఆగి ఆరనివ్వాలి. రక్తం, చీము తగిలితే దాని బలం తగ్గిపోతుంది. రాసిన వెంటనే పొడి గాజుగుడ్డతో తుడిచేసి కోత పెట్టేవాళ్లున్నారు, ఎందుకు రాసినట్టో నాకు అర్థం కాదు.

ఆపరేషన్ ముందు ఏది రాయాలన్నదాని మీద వాదన ఇంకా నడుస్తోంది. 2010లో అమెరికాలో 849 మంది మీద చేసిన ట్రయల్‌లో క్లోర్‌హెక్సిడిన్ ఆల్కహాల్ రాసినవాళ్లలో 9.5 శాతం మందికి గాయం ఇన్ఫెక్షన్ వస్తే, మామూలు బెటాడిన్ రాసినవాళ్లలో 16.1 శాతం మందికి వచ్చింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా క్లోర్‌హెక్సిడిన్ ఆల్కహాల్ వైపే చెప్పింది. కానీ 2021లో భారత్ సహా 7 దేశాల్లో 5,788 మంది మీద చేసిన ఫాల్కన్ ట్రయల్‌లో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా అభిప్రాయం అడిగితే, మన ఆసుపత్రుల్లో ఏ సీసా అన్నదానికంటే మిగతా పనులే ఎక్కువ లెక్క. ముందురోజు రాత్రి వెంట్రుకలు బ్లేడుతో గీసేస్తారు చూడండి, ఆ కనిపించని గాట్లలో తెల్లారేసరికి క్రిములు చేరి ఉంటాయి. వెంట్రుకలు అడ్డం లేకపోతే తీయకూడదు, తీయాల్సి వస్తే క్లిప్పర్ (చర్మం గీసుకోకుండా కత్తిరించే మెషిన్)‌తో. ఈ ఒక్కటి మానేయడానికి పైసా ఖర్చు లేదు, అయినా ఎన్నిసార్లు చెప్పినా మానరు.

క్లోర్‌హెక్సిడిన్ గురించి జాగ్రత్తలు కూడా వినండి, ఎందుకంటే మంచిదన్నారు కదా అని అన్నిచోట్లా రాసేస్తారు. కంట్లో, చెవి లోపల, మెదడు పొరల దగ్గర వాడకూడదు. నెలలు నిండని పసిపిల్లల చర్మం కాలినట్టు అవుతుంది. కొందరికి ప్రాణం మీదకి తెచ్చే అలర్జీ వస్తుంది, కాబట్టి గతంలో ఏమైనా అయిందా అని అడగాలి. నేను స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు) ఇచ్చేటప్పుడు 0.5 శాతం ద్రావణమే వాడతాను, అది పూర్తిగా ఆరేదాకా సూది ముట్టుకోను, ఆ గిన్నె నా స్పైనల్ ట్రేలో ఉండనివ్వను. 2010లో ఆస్ట్రేలియాలో ఒక ప్రసవంలో సెలైన్ అనుకుని క్లోర్‌హెక్సిడిన్‌ని వెన్నులో నొప్పి తగ్గడానికి మందు ఇచ్చే ఎపిడ్యూరల్‌లోకి ఎక్కించేశారు, ఆ తల్లికి కాళ్లు పడిపోయాయి. రెండూ ట్రేలో పేరు రాయని గిన్నెల్లోనే ఉన్నాయి. అది చదివిన రోజు నుంచి నా టేబుల్ మీద పేరు రాయని గిన్నె, పేరు రాయని సిరంజి ఉండవు.

ఆపరేషన్ థియేటర్లో పనిచేసేవాళ్లకి ఇంకొకటి. ఆల్కహాల్ ఉన్న ద్రావణం నడుం కిందకి జారి గుడ్డల్లో నిలిచి ఉండగా డయాథర్మీ (కరెంటుతో కోసి రక్తం ఆపే పరికరం) నొక్కితే మంట అంటుకుంటుంది. మంట కళ్లకి సరిగ్గా కనిపించదు కూడా. తడిసిన గుడ్డ తీసేసి, ఆరాకే కప్పాలి. ఇక్కడ ఆగమనేది పేషెంట్ కాలకుండా ఉండటానికి.

రాజు, ఖమ్మం:

నేను ఆసుపత్రి మనిషిని కాదండి, మా అమ్మకి మెడలో డయాలసిస్ క్యాథెటర్ ఉండేది. ఒకసారి దానికి ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో వణికిపోయింది, 11 రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఏ సెంటర్లో అన్నది వదిలేయండి. తర్వాత వేరే చోటికి మారాం. అక్కడ సిస్టర్ మొదటి రోజే నాకూ అమ్మకీ మాస్కులు ఇచ్చింది, క్యాథెటర్ విప్పేటప్పుడు ముగ్గురం పెట్టుకోవాలంది. మూతలు తీసే ముందు ఒక్కో గొట్టం కొనని స్వాబ్‌తో తిప్పుతూ రుద్ది, గోడ గడియారం వైపు చూస్తూ ఆగేది. మొదట్లో ఎందుకు ఇంత ఆలస్యం చేస్తోందనుకున్నా. నెలకి అర్థమైంది. ఒకరోజు వేరే సిస్టర్ హడావిడిగా విప్పబోతే మా అమ్మే చెయ్యి అడ్డం పెట్టి "అమ్మా, గడియారం చూడలేదు నువ్వు" అంది.

నేను అడిగేది ఒకటే, మాలాంటివాళ్లు "చేతులు కడుక్కున్నారా" అని అడిగితే మీరు తప్పుగా తీసుకుంటారా? అడగాలంటే భయంగా ఉంటుంది, కోపం వచ్చి సరిగ్గా చూడరేమోనని.

ఐసీయూ సిస్టర్, హైదరాబాద్:

రాజుగారూ, తప్పకుండా అడగండి. కోపం తెచ్చుకునేవాళ్లు ఉంటారు, అబద్ధం చెప్పను. "సిస్టర్, అమ్మకి ఇంతకుముందు ఒకసారి ఇన్ఫెక్షన్ వచ్చింది, అందుకని భయం" అని మొదలుపెడితే ఎవరూ ఏమీ అనలేరు. మీ అమ్మగారు అన్న మాట మా వార్డులో చెప్పాను, అందరికీ నచ్చింది.

చెల్లీ, నీ ఆరోగ్యం గురించి ఎవరూ రాయలేదు. హెపటైటిస్ బి టీకా 3 డోసులూ వేయించుకున్నావా? వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టకు, నేరుగా సూదులు పారేసే తెల్ల డబ్బాలోకే. గుచ్చుకుంటే వేలు పిండకు, స్పిరిట్ పోయకు, సబ్బూ నీళ్లతో కడిగి వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, మొదటి 2 గంటల్లో అయితే మరీ మంచిది. ఎవరైనా తిడతారేమోనని దాచుకోవద్దు.

కొత్త సిస్టర్, పల్నాడు జిల్లా:

12 రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నా. టీకా 2 డోసులే అయ్యాయి అక్కా, మూడోది నిన్న వేయించుకున్నాను.

అక్క చెప్పిన వరసలోనే చేస్తున్నా. మొదటి రెండు రోజులు మనసులో లెక్కపెట్టుకున్నా, ఇప్పుడు ప్లాస్టర్ ముక్కలు 3 చింపేసరికి ఆరిపోతుందని అలవాటైంది. మా ఇన్‌ఛార్జ్ మేడమ్‌కి దూది డబ్బా గురించి ఎలా చెప్పాలో తెలియక, సాయంత్రం 6 గంటలకి మూత తీసి వాసన చూడమని ఇచ్చాను. ఆవిడ వాసన చూసి, ఒక ఉండ తీసి అరచేతిలో పిండింది. చల్లగా కూడా లేదు. ఏమీ అనలేదు. మర్నాడు స్వాబ్ బాక్సులు 4 వచ్చాయి. వయల్ సూదుల సంగతి ఇంకా సగమే మారింది, పగలు తీసేస్తున్నారు, నైట్‌లో మళ్లీ గుచ్చి ఉంటోంది. నేను డ్యూటీకి రాగానే తీసి తెల్ల డబ్బాలో వేసి, ఆ వయల్ పక్కన పెట్టించేస్తున్నా.

ఆ పెద్దాయన నిన్న చూపించుకోవడానికి వచ్చారు. వాపు లేదు, నరం మీద చిన్న గట్టిదనం మిగిలింది. వాళ్ల అమ్మాయికి కాన్యులా పెట్టింది నేనే అని చెప్పాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఇప్పుడైనా చెప్పావు" అంది.

ఒక చిన్న సందేహం మిగిలింది. మా డ్రెస్సింగ్ రూములో చీటిల్ ఫోర్సెప్స్ (శుభ్రం చేసిన సామాను తీసే పొడవాటి పట్టకారు) సావ్లాన్ నీళ్ల జాడీలో నిలబెట్టి ఉంటాయి, ఆ నీళ్లు వారానికోసారి మారుస్తారు. ల్యాబ్ సార్ రాసింది చదివాక ఆ జాడీ చూస్తేనే భయమేస్తోంది. ఏం చేయాలి?

మైక్రోబయాలజీ ల్యాబ్, విజయవాడ:

నీళ్లు పారబోయండి. జాడీ, ఫోర్సెప్స్ రెండూ ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములు చంపే మెషిన్) చేయించి పొడిగానే ఉంచండి, షిఫ్టుకో జత మార్చండి. పారబోసే ముందు జాడీ అడుగున వేలితో రాసి చూడండి, జారుతూ తగులుతుంది. మేడమ్‌కి అది కూడా చూపించండి, గ్లౌజు వేసుకుని.